స్టార్టర్ పుస్తకంలో ఒక్కదానికి ఒక్కటే పేరు ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

యాసంగి నాట్లు మొదలయ్యాయంటే పరకాల, హుజూరాబాద్ వైపు వైండింగ్ షాపుల ముందు కాలిన మోటార్లు వరుస కడతాయి. లో వోల్టేజీ, ఫేజు పోవడం, బోరు ఎండడం... వీటి గురించి పత్రికల్లో వస్తూనే ఉంటుంది. మోటారును ఆన్, ఆఫ్ చేసే స్టార్టర్ డబ్బాలో పెట్టి ఇచ్చే, దాన్ని ఎలా వాడాలో చెప్పే తెలుగు పుస్తకం సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

ఈ మధ్య మా పక్క పొలం వాళ్లు కొన్న స్టార్ డెల్టా స్టార్టర్ (మోటారును మొదట తక్కువ కరెంటుతో ఎత్తే రకం) పుస్తకం చూశాను. ఒక పేజీలో ‘ఫుల్ లోడ్ కరెంట్’, ఇంకో పేజీలో ‘రేటెడ్ కరెంట్’, పట్టికలో ‘మోటార్ ఆంప్స్’. ఆ పుస్తకంలో మూడూ ఒకటే, మోటారు పూర్తి లోడు మీద లాగే కరెంటు. ఆ పక్కనే ‘రిలే కరెంట్’ అని ఉంది, అది వేరు. రిలే అంటే డయల్ మీద పెట్టినదానికంటే ఎక్కువ కరెంటు పోతే ట్రిప్ అయి మోటారును ఆపేసేది. చాలా స్టార్ డెల్టా స్టార్టర్లలో రిలే గుండా వెళ్లేది లైన్ కరెంటులో, అంటే మోటారు లైను నుంచి లాగే కరెంటులో, సుమారు 58 శాతమే. 15 ఆంప్స్ మోటారుకు రిలే డయల్ 8.7 దగ్గర పెట్టాలన్నమాట. అప్పటికే మూడు పేర్లు ఒక్కదానివేనని తేల్చుకున్న మనిషి నాలుగోదీ అదే అనుకుని డయల్‌ను 15 వైపు తిప్పుతాడు. ఇక ఓవర్‌లోడ్ అయినా రిలే టైముకు ట్రిప్ కాదు, మోటారు కాలుతుంది. దాన్ని బోరులోంచి తీయాలంటే పైపులన్నీ విప్పాలి, మనుషుల్ని పిలవాలి. ఈలోగా నారు ముదిరిపోతుంది.

మామూలుగా ఏ కంపెనీ ఓవర్‌లోడ్ రిలే చూసినా, ట్రిప్ అయితే తెగే కాంటాక్టుకు 95, 96 అనే ఉంటుంది. మోటారుకు కరెంటు కలిపే, తెంపే కాంటాక్టర్ కాయిల్‌కు ఏ1, ఏ2. అందుకే మా దగ్గరి మెకానిక్‌లు కొత్త కంపెనీ డబ్బా అయినా తడుముకోకుండా వైరింగ్ చేస్తారు. అంకెలకు కుదిరిన పద్ధతి పేర్లకు ఎందుకు కుదరదు?

వ్యాసంలో ఒకే మాట పదేపదే వాడొద్దని బడిలో సార్లు చెప్పేవారు. ఈ పుస్తకాలు రాసేవారు ఆ పాఠం ఇంకా మరిచిపోయినట్టు లేదు. అచ్చ తెలుగు రాయమని నేను అడగట్లేదు. ‘ఓవర్‌లోడ్ రిలే’ అనే రాయండి, చివరి పేజీ దాకా అదే ఉంచండి. నడుమ అది ‘రక్షణ పరికరం’ అయిపోతే రైతు డబ్బాలో ఇంకో పరికరం కోసం వెతుకుతాడు. డబ్బా మీద, బొమ్మలో, పుస్తకంలో ఒకే పేరు కనిపించాలి.

స్టార్టర్లకు ప్రమాణాలు పెట్టే కేంద్ర సంస్థ బీఐఎస్ ఈ పుస్తకాలనూ పట్టించుకోవాలి. కంపెనీలైతే అచ్చుకు పంపే ముందు వరంగల్‌లో ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడ్ పిల్లల చేతికి పుస్తకం ఇచ్చి, వాళ్లు డయల్ ఎంత దగ్గర పెడతారో చూసుకుంటే సరి.

— ఒక రైతు, పరకాల