పది రూపాయల విత్తనం ప్యాకెట్ మీదా తేదీ ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

ఉగాది దాటిందంటే మీ పత్రికలో నకిలీ విత్తనాల వార్తలు మొదలవుతాయి. పత్తి విత్తనాలు ఎన్ని క్వింటాళ్లు పట్టుకున్నారు, మిరప విత్తనాలు ఎక్కడ దొరికాయి, ఎవరి మీద కేసు పెట్టారు, అన్నీ రాస్తారు. రాయాల్సిందే. ఎకరం పత్తి మొలవకపోతే ఆ ఇల్లు ఏమైపోతుందో మా నల్లగొండ జిల్లాలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ పెరట్లో నాలుగు బెండ గింజలు, పందిరి కింద రెండు బీర గింజలు పెట్టుకునే మాలాంటివాళ్లం కూడా విత్తనాలు కొంటాం. మాకూ మోసం జరుగుతుంది. అది పది, ఇరవై రూపాయల మోసం కాబట్టి ఎవరూ పట్టించుకోరు, మేమూ నాలుగు తిట్టుకుని ఊరుకుంటాం. ఈసారి ఊరుకోదలుచుకోలేదు, అందుకే రాస్తున్నాను.

పోయిన ఏడాది మృగశిర కార్తెకు వారం ముందు బజారుకెళ్లి ఒక కొట్లో ఐదు రకాల విత్తనాలు తెచ్చాను. చిన్న చిన్న ప్లాస్టిక్ కవర్లు, పైన స్టేప్లర్ పిన్ను, స్కెచ్ పెన్నుతో బెండ, బీర, కాకర, ఆనపకాయ, తోటకూర అని రాసి ఉంది. కంపెనీ పేరు లేదు, తేదీ లేదు, ఏ రకమో లేదు. అడిగితే "మొన్ననే వచ్చిన స్టాకమ్మా, కళ్లు మూసుకుని పెట్టుకోండి" అన్నారు. నమ్మాను. తొలకరి పడ్డాక మడులు చేసి పెట్టాను. బెండ గింజలు ముప్ఫై పెడితే ఏడు మొలిచాయి. ఆనపకాయ ఒక్కటి కూడా రాలేదు. పది రోజులు చూసి చూసి, మట్టి తీసి ఒక గింజను గోటితో చీల్చితే లోపల పప్పు ముడుచుకుపోయి, పసుపుపచ్చగా పొడిపొడిగా రాలింది. మళ్లీ వేరేచోట కొని, మళ్లీ పెట్టేసరికి ఆరుద్ర కూడా వెళ్లిపోవచ్చింది. వంద రూపాయలు పోతే పోయాయి, అదును పోయింది. అది ఎవరిస్తారు?

ఆ తర్వాత తెలుసుకున్న సంగతులు మీ పాఠకులకు కూడా చెప్పాలనిపించింది. మన దేశంలో విత్తనాల చట్టం 1966 నుంచి ఉంది. 1983లో వచ్చిన విత్తన నియంత్రణ ఉత్తర్వు ప్రకారం విత్తనాలు అమ్మేవాళ్లకు లైసెన్సు ఉండాలి, కొన్నవాళ్లకు రసీదు ఇవ్వాలి, కొట్లో ఏ విత్తనం ఎంత స్టాకు ఉంది, ధర ఎంత అనేది అందరికీ కనబడేలా పెట్టాలి. సరిగ్గా ప్యాక్ చేసిన విత్తనం మీది చీటీలో పంట పేరు, రకం పేరు, ఏ విడతలోదో చెప్పే లాట్ నంబరు, మొలక పరీక్ష చేసిన తేదీ, మొలక శాతం, ఎప్పటివరకు పనికొస్తుంది, పురుగు, తెగులు రాకుండా గింజకు మందు పట్టించారా లేదా అన్నీ ఉంటాయి. పరీక్ష చేసిన రోజు నుంచి మామూలుగా తొమ్మిది నెలలే గడువు. ఇన్నేళ్లుగా విత్తనాలు కొంటున్నాను, ఒక్కసారి కూడా ఆ చీటీ తిప్పి చదవలేదు. పాల ప్యాకెట్ మీద తేదీ చూస్తాం, బ్రెడ్డు మీద చూస్తాం, ఆరు నెలలు చాకిరీ చేయాల్సిన విత్తనం మీద చూడం.

చీటీ ఉన్నా సరే, ఇంట్లో ఒకసారి మొలక చూసుకోవడం మంచిది. దీనికి ఖర్చేమీ లేదు. పాత కాటన్ లుంగీ గుడ్డ ఒక జానెడు చింపి, తడిపి గట్టిగా పిండి, దాని మీద పది గింజలు దూరం దూరంగా పేర్చి, చాపలా చుట్టి, మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టండి. గుడ్డ తడిగా ఉండాలి గాని నీళ్లు కారకూడదు, నీళ్లెక్కువైతే గింజ కుళ్లిపోతుంది. రోజూ ఒకసారి విప్పి చూసి, ఆరినట్టుంటే కాసిన్ని నీళ్లు చిలకరించాలి. బెండ మూడో రోజే తెల్లటి ముక్కు బయటపెడుతుంది, వారంలోపు రావలసినవన్నీ వచ్చేస్తాయి. కాకరకు, మిరపకు పది రోజుల పైన కూడా ఓపిక పట్టాలి. కాకర గింజ పెంకు గట్టిది కాబట్టి ముందు ఒక రాత్రి నానబెడితే నయం. ధ్రువీకరించిన విత్తనానికి బెండలో కనీసం 65 శాతం, టమాట, వంకాయల్లో 70 శాతం, మిరప, బీర, కాకరల్లో 60 శాతం మొలక ఉండాలని లెక్క ఉంది. అంటే పదిలో ఆరు, ఏడు రావాలి. నాలుగే వచ్చాయంటే పెట్టకండి, పెట్టినా ఒక్కో గుంతలో రెండు మూడు గింజలు వేయండి. ఈ ఏడాది నేను తెచ్చిన గోరుచిక్కుడు పదికి తొమ్మిది వచ్చింది. ఆ తొమ్మిది మొలకలు చూసిన రోజు ఎంత సంతోషమైందో.

ఇంకో మాట. జూన్‌లో కొట్టుకు వెళ్తే క్యాబేజీ, క్యారెట్, కాలీఫ్లవర్ బొమ్మలున్న ప్యాకెట్లే ముందు వరసలో ఉంటాయి. బొమ్మ చూసి మనసు పోతుంది. మన దిక్కున అవి చలికాలానికి పెట్టుకోవలసినవి. వానలకు ముందు తెచ్చుకోవలసింది బెండ, బీర, కాకర, ఆనపకాయ, గోరుచిక్కుడు, పుంటికూర, తోటకూర. వంకాయ, టమాట, మిరప అయితే రోహిణిలోనే నీడపట్టున నారు పోసుకోవాలి, రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయంటారు కదా, పైన పాత చీర కట్టకపోతే నారు మాడిపోతుంది. టమాట, వంకాయ నెల రోజుల నారుగా, మిరప ఇంకో పది రోజులు ఆగి నాటుకుంటే సరిపోతుంది. మన పాత పందిరి చిక్కుడును కూడా వానలకే పెట్టాలి, అయితే అది పొద్దు తగ్గాకే పూస్తుంది. కార్తీకం దాకా తీగే తప్ప పూత లేదని కంగారుపడి పీకేసినవాళ్లను చూశాను, దయచేసి పీకకండి.

ప్యాకెట్ పెద్దది, మాకు అన్ని గింజలెందుకు అనేది అందరూ చెప్పే కారణం, విడి కవర్ల వ్యాపారం నడిచేదీ అందుకే. ఒక్క గ్రాము టమాట విత్తనంలో దాదాపు 300 గింజలుంటాయి, ఒక ఇంటికి పది మొక్కలు చాలు. మా గల్లీలో ఐదిళ్లవాళ్లం కలిసి ఈసారి చీటీ ఉన్న ప్యాకెట్లే కొని పంచుకున్నాం. ఖర్చు విడి కవర్ల కన్నా తక్కువే అయింది. చీటీ ఒకరింట్లో, రసీదు ఒకరింట్లో దాచాం. గులాబీ రంగో, ఎరుపో పూసిన గింజలుంటే అది మందు, పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, మిగిలినవి కోళ్లకు వేయకూడదు, పిల్లలకు అందకుండా పెట్టాలి. విడి కవర్లో పోసి అమ్మినప్పుడు ఈ హెచ్చరిక కూడా పోతుంది, అసలు భయం నాకు అక్కడే.

మా అత్తమ్మది మునుగోడు దిక్కు పల్లె. ఆమె ఉన్నన్ని రోజులు మేం బీర విత్తనం కొనలేదు. మొదటి కాయ, చివరి కాయ వదిలేసి, నడుమ కాసిన మంచి కాయను తీగకే ఎండనిచ్చేది. గింజలు బూడిదలో కలిపి ఆనపకాయ బుర్రలో పోసి మూతికి గుడ్డ కట్టేది. కొన్ని గింజలు పేడలో ఒత్తి గోడకు కొట్టేది, వానాకాలం రాగానే ఆ పిడకను విరిచి పెట్టడమే. ఆమె పోయాక రెండేళ్లు నేను అశ్రద్ధ చేశాను, ఆ బీర పోయింది. ఆ రుచి మళ్లీ ఎక్కడా దొరకలేదు. అందుకే చెబుతున్నాను, మీ ఊళ్లో ఎవరి దగ్గరైనా పాత విత్తనం ఉంటే ఈ ఏడాదే ఒక పిడికెడు అడిగి తెచ్చుకోండి. చిక్కుడు, టమాట లాంటివి చాలావరకు వాటి పూతలోని పుప్పొడితోనే కాస్తాయి కాబట్టి గింజ దాచుకోవడం తేలిక. బీర, ఆనపకాయలకు తేనెటీగలు పక్కింటి తీగ పుప్పొడి కూడా తెస్తాయి, కాబట్టి వేరే రకం దగ్గరలో ఉంటే గింజ మారిపోవచ్చు. ఆనపకాయ కోసినప్పుడు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి, చేదుంటే కాయ మొత్తం పారేయండి, ఆ చేదు ప్రమాదం. రెండు రకాలను కలిపి చేసిన హైబ్రిడ్ కాయల గింజలు దాచి లాభం లేదు, మరుసటి ఏడాది ఒక్కో మొక్క ఒక్కోలా వస్తుంది. గింజ దాచుకోవాలంటే బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్కా అనామిక బెండ లాంటి సూటి రకాలు, అంటే హైబ్రిడ్ కానివి, అడగాలి.

మొక్కల సంగతికొస్తే, మాది బత్తాయి జిల్లా, అయినా బత్తాయి మొక్క కొనడం చాలామందికి తెలియదు. మా తమ్ముడు కట్టంగూరు దిక్కు చెలకలో గట్టు మీద, ఇంటికోసమని ఆరు మొక్కలు పెట్టాడు. ఒక నర్సరీలో తెచ్చినవే. మూడేళ్లు నీళ్లు మోసి పెంచాడు. అందులో రెండింటికి కాయలు పడ్డాయి, చిన్నచిన్నవి, పండితే నారింజ రంగు, కోసి నోట్లో పెట్టుకుంటే పళ్లు జివ్వుమన్నాయి. అది రంగపూర్ నిమ్మ. మన దగ్గర సాత్‌గుడి బత్తాయిని ఆ నిమ్మ మొదలు మీదే అంటు కడతారు. అంటు కింద నుంచి వచ్చిన కొమ్మ బలిసి పై బత్తాయిని చంపేసింది, వీడు ఆ కొమ్మనే చెట్టు అనుకుని పెంచాడు. కొనేటప్పుడే అంటు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనాలి, అది జానెడు ఎత్తులో స్పష్టంగా కనబడాలి. కింద ముళ్ల చిగుళ్లు ఉంటే అక్కడే తుంచేయాలి. నాటేటప్పుడు అంటు మట్టిలో పూడకూడదు, పూడితే మొదట్లో బంక కారి చెట్టు పోతుంది. ఏ మొక్కైనా సంచి అడుగున వేళ్లు చుట్టలు చుట్టుకుని ఉంటే వద్దనండి. పొడుగ్గా ఉంది కదా అని ముదురు మొక్క తెస్తారు, మోకాలెత్తు మొక్కే ముందు నిలదొక్కుకుంటుంది.

పనిముట్ల గురించి ఎక్కువ చెప్పను. రంగు రంగుల పిడులున్న ఐదు సామాన్ల సెట్టు ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించి, ఎండకు గట్టిపడ్డ ఎర్ర చెలకలో దింపితే కలుపు తీసే ఖుర్పీ మొదటి రోజే వంగింది. దాన్ని పక్కన పడేసి కమ్మరి దగ్గరికి వెళ్తే లారీ కమాన్ పట్టీ ముక్కతో ఖుర్పీ కొట్టి, తుమ్మ కట్టె పిడి వేసి 180 రూపాయలు తీసుకున్నాడు. నాలుగేళ్లయింది, రెండుసార్లు సాన పట్టించాను, అంతే. ఒక ఖుర్పీ, ఒక చిన్న పార, సన్న చిల్లుల నీళ్ల డబ్బా, కొమ్మలకు ఒక మంచి కత్తెర, పెరటికి ఇవి చాలు. మీ ఊళ్లో కొలిమి ఇంకా వెలుగుతుంటే ముందు అక్కడికి వెళ్లండి. పెంట ఎరువు కొనేటప్పుడు మాత్రం చేతిలోకి తీసుకుని వాసన చూడండి. బాగా మాగింది నల్లగా, పొడిగా, మట్టి వాసన వస్తుంది. పచ్చి పెంట పోస్తే చెదలు, వేరు పురుగు పిలిచి తెచ్చుకున్నట్టే.

ఇక మీకు నా విన్నపం. మే చివరి వారంలో, అందరూ విత్తనాల కోసం బజారుకెళ్లే రోజుల్లో, విత్తనం చీటీ ఎలా చదవాలో బొమ్మతో సహా ఒక్కరోజు వేయండి. మిద్దె తోటల మీద మీరు వేసే ఫొటోలు చాలా బాగుంటాయి, ఆ పేజీలోనే కాస్త చోటివ్వండి. అధికారులకు కూడా మీ పత్రిక ద్వారానే అడుగుతున్నాను. పత్తి విత్తనాల కోసం కొట్లు తనిఖీ చేసేటప్పుడు ఆ మూలన వేలాడే పేరు లేని కూరగాయల కవర్లు కూడా చూడండి. రైతుల సమావేశాల కోసం ప్రభుత్వం కట్టిన రైతు వేదికల్లో మృగశిరకు ముందు ఒక రోజు పెట్టి, ఇంట్లోవాళ్లు తెచ్చిన గింజలకు మొలక పరీక్ష ఎలా చేయాలో చూపించండి. మాకు కంపాసాగర్‌లో, పాలమూరు దిక్కువాళ్లకు పాలెంలో ఉన్న వ్యవసాయ పరిశోధన కేంద్రాల్లో ఇవన్నీ తెలిసిన శాస్త్రవేత్తలున్నారు. పొలం ఉన్నవాళ్లు వెళ్తే మాట్లాడతారు, రెండు మడులున్న ఆడవాళ్లం వెళ్తే కూడా మాట్లాడాలి.

పోయినేడు నాకు విత్తనాలు అమ్మిన కొట్టుకు మొన్న మళ్లీ వెళ్లాను. చీటీ ఉన్న ప్యాకెట్ ఇవ్వండి, రసీదు రాయండి అంటే "ఇరవై రూపాయలకు రసీదేందమ్మా" అన్నారు. నిలబడ్డాను. నా వెనకున్న ఒకావిడ కూడా "నాకూ రాయండి" అంది. రాసిచ్చారు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
నల్లగొండ