చుక్కలు పోయాయని సంబరపడకురా

ఒరేయ్,

నువ్వు పంపిన ఫోటో రాత్రే చూశాను. నీ ఉప్పునీటి ట్యాంకులోని టాంగ్ చేప తోక మీదా రెక్కల మీదా ఉప్పు రవ్వలు అంటించినట్టున్న ఆ చుక్కలు చూడగానే గుండె గుభేలుమంది. రాళ్ళకేసి ఒళ్ళు రుద్దుకుంటోందని కూడా రాశావు. అది ఇక్ జబ్బు రా, క్రిప్టోకారియన్ అనే పరాన్నజీవి వల్ల వస్తుంది. ఒక్కసారి టార్చి వేసి దగ్గరగా చూడు. చుక్కలు ఉప్పంత కాకుండా పసుపు పిండి చల్లినట్టు మరీ సన్నగా ఉండి, చేప ఎగశ్వాసతో పంపు ప్రవాహం దగ్గరే నిలబడి ఉంటే మాత్రం అది వెల్వెట్ అనే ఇంకో జబ్బు. అది రోజుల్లోనే ట్యాంకంతా ఊడ్చేస్తుంది, ఆ అనుమానం ఉంటే వెంటనే ఫోన్ చెయ్యి.

నా టాంగ్ సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. చుక్కలొచ్చిన ఐదో రోజు పొద్దున లైటు వేస్తే ఒళ్ళంతా శుభ్రంగా ఉంది. తగ్గిపోయిందని ఇంట్లో అందరినీ పిలిచి మరీ చూపించాను. రెండు వారాలకి మళ్ళీ వచ్చాయి, ఈసారి కళ్ళ మీద కూడా. మొప్పలు టపటపా కొట్టుకుంటుంటే గ్లాసు ముందు కూర్చుని చూడటం తప్ప ఏమీ చేయలేకపోయాను. నాలుగు రోజులకి టాంగ్ పోయింది. ఇప్పటికీ మనసొప్పదు.

జరిగిందేంటంటే, ఆ పురుగు చేప చర్మం కింద 3 నుంచి 7 రోజులు తిని, తనంతట తానే రాలి ఇసుకలోకి దిగి గూడు కట్టుకుంటుంది. ఒక్కో గూట్లోంచి వందల పిల్లలు వస్తాయి. కొన్ని వారంలోపే పగిలితే కొన్నిటికి నెలలు కూడా పడుతుంది. బయటికొచ్చిన పిల్లకి ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతుంది. మనకి దొరికే అవకాశం అదొక్కటే.

కాబట్టి టాంగ్ ఒక్కదాన్నే కాదు, చుక్క లేని క్లౌన్‌ఫిష్‌తో సహా చేపలన్నిటినీ వేరే ట్యాంకులోకి మార్చు. అందులో ఇసుకా రాళ్ళూ వద్దు, పురుగుని చంపడానికి నీళ్ళలో వేసే కాపర్ మందుని పీల్చేస్తాయి. దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు చాలు. కాపర్ ఒకేసారి పొయ్యకు, రెండు మూడు రోజుల్లో మెల్లగా పెంచి, సీసా మీద రాసిన మోతాదులో నెల రోజులు నిలుపు. టెస్ట్ కిట్‌తో రోజూ చూడు. కాస్త తగ్గితే పురుగు బతికిపోతుంది, ఎక్కువైతే చేపే పోతుంది. కొత్త ట్యాంకులో చేపల వ్యర్థాల అమ్మోనియాని తగ్గించే బాక్టీరియా ఉండదు కాబట్టి అమ్మోనియా కూడా చూడాలి, నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది అదే.

పెద్ద ట్యాంకులో కాపర్ చుక్క కూడా పడనివ్వకు, నీ రొయ్యలూ కోరల్సూ మిగలవు. వాటిని కదపక్కర్లేదు, ఈ పురుగు వాటిని పట్టదు. ఇసుకలోని గూళ్ళన్నీ పగిలి పిల్లలు చేప దొరక్క చచ్చేదాకా, అంటే 76 రోజులు, అక్కడ ఒక్క చేప కూడా ఉండకూడదు. వలా బకెట్టూ వేరువేరుగా పెట్టుకో, తడి చేత్తో ఒక ట్యాంకు నుంచి ఇంకోదానికి వెళ్ళకు. వెల్లుల్లి పెట్టు, క్లీనర్ రొయ్య తినేస్తుంది అని ఎవరేం చెప్పినా వినకు. చర్మం కింద దూరినదాన్ని రొయ్య ఎలా తింటుంది?

చేపలు తీసిన రోజు తేదీ క్యాలెండర్ మీద రాసిపెట్టి, రోజూ కాపర్ రీడింగ్ నాకు పంపు. టాంగ్ తిండి తింటోందో లేదో కూడా రాయి.

నీ నేస్తం