ఫిలడెల్ఫియా నుంచి పెద్దమ్మకి

పెద్దమ్మా,

మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? నూనె రాసుకుంటున్నావా? ఇది ఫోన్‌లో చెప్పే సంగతి కాదు, నువ్వు నింపాదిగా కళ్లజోడు పెట్టుకుని చదువుకోవాలని కాగితం మీద రాస్తున్నాను.

పోయిన ఆదివారం ఇక్కడ స్ప్రూస్ వీధిలో ఉన్న యూదుల పాత శ్మశానానికి వెళ్లాను. శ్మశానానికి ఎందుకమ్మా అనకు. ఇటుక గోడ, ఇనుప గేటు, దానికి తాళం. కమ్మీల సందులోంచి చూస్తే అక్షరాలు అరిగిపోయిన రాళ్లు. ఈ ఊళ్లో యూదు పిల్లలకి బడి పెట్టిన రెబెకా గ్రాట్జ్ అనే ఆవిడను అక్కడే పూడ్చారు. ఆవిడ గురించి చదివినప్పటి నుంచీ నువ్వే గుర్తొస్తున్నావు.

ఆవిడ కుటుంబానిది ఇప్పుడు పోలండ్‌లో ఉన్న సైలీషియాలో ఒక చిన్న ఊరు. ముందు ఆవిడ పెదనాన్న బార్నర్డ్ గ్రాట్జ్ 1754లో ఫిలడెల్ఫియా వచ్చి ఒక వ్యాపారి కొట్లో పనికి కుదిరాడు. ఆయన తమ్ముడు, అంటే రెబెకా నాన్న, మైకేల్ ఈస్టిండీస్ దాకా, అంటే మన వైపు దాకా, వ్యాపారమని వెళ్లి కలిసిరాక లండన్ తిరిగొచ్చి, 1759లో అన్న దగ్గరికి చేరాడు. అన్నదమ్ములు ఉత్తరాలు యూదులు మాట్లాడే యిడ్డిష్ భాషలోనే రాసుకునేవారు. అప్పట్లో ఇక్కడ ఏలుతున్న ఇంగ్లిష్ వాళ్లు కాగితాల మీద స్టాంపు పన్ను వేస్తే, 1765లో వాళ్ల సరుకు కొనబోమని ఊరి వర్తకులంతా రాసుకున్న కాగితం మీద వీళ్లిద్దరూ సంతకం పెట్టారు. ఇంత చేసినా, స్వాతంత్ర్యం వచ్చాక పెన్సిల్వేనియా శాసనసభలో కూర్చోవాలంటే క్రైస్తవుల కొత్త నిబంధన మీద కూడా ప్రమాణం చేయాలన్నారు! ఇది అన్యాయమని 1783లో అర్జీ పెట్టిన యూదు పెద్దల్లో బార్నర్డ్ ఒకడు. 1790లో గానీ ఆ షరతు పోలేదు.

అన్నీ మంచే రాస్తే నీకు అబద్ధం చెప్పినట్టవుతుంది. మైకేల్ కొడుకు హైమన్‌కి కెంటకీలోని మామత్ గుహలో వాటా ఉండేది. 1812లో ఇంగ్లిష్ వాళ్లతో వచ్చిన యుద్ధానికి తుపాకి మందు కావాలి, దానికి సురేకారం కావాలి, అది ఆ గుహ మట్టిలోంచి తీసింది నల్ల బానిసలు. ఆ కుటుంబం కథలో ఆ చీకటీ ఉంది, నాకది చదివి మనసు బాగాలేదు.

రెబెకా మైకేల్ కూతురు, 1781లో పుట్టింది. పెళ్లి చేసుకోలేదు. 1823లో చెల్లెలు రేచల్ చనిపోతే ఆ పిల్లలందర్నీ ఇంటికి తెచ్చుకుని పెంచింది. ఇక్కడికి రాగానే పుస్తకం మూసేసి కాసేపు కూర్చున్నాను పెద్దమ్మా. అమ్మ పోయిన రోజు నువ్వు మా ఇద్దరి బట్టలూ ఒకే సంచిలో సర్దడం నాకింకా కళ్లకు కట్టినట్టుంది.

ఇంటి పనితో ఆగిందా అంటే లేదు. ఇరవై ఏళ్లకే, ఊళ్లో చితికిపోయిన ఆడవాళ్లకి సాయం చేసే సంఘం పెట్టినవాళ్లలో ఉంది. అనాథాశ్రమానికి నలభై ఏళ్లు కార్యదర్శి. తమ్ముడు బెంజమిన్ కెంటకీ వెళ్లి క్రైస్తవ అమ్మాయిని చేసుకుంటే, మతం దాటిన పెళ్లి ఆవిడకి ఇష్టం లేకపోయినా, ఆ మరదలికే ఏళ్ల తరబడి ప్రేమగా ఉత్తరాలు రాసింది. 1838లో యూదు పిల్లల కోసం ఆదివారం బడి తెరిచింది, ఫీజు లేదు, చెప్పేదంతా ఆడవాళ్లే. పుస్తకాలేవీ? క్రైస్తవుల బడి పుస్తకాలు తెచ్చి, తమ పిల్లలకి పనికిరాని జవాబుల మీద కాగితం ముక్కలు అతికించి చదివించారు! జిగురు పూసుకుంటూ ఒక్కో పేజీ సరిచేస్తున్న ఆ చేతులే నా కళ్ల ముందు మెదులుతున్నాయి. ఎనభై దాటేదాకా ఆ బడి చూసుకుంది, 1869లో పోయింది.

నేనూ ఆదివారాలు ఇక్కడి తెలుగు పిల్లలకి అక్షరాలు నేర్పుతున్నానని చెప్పాను కదా. మొన్న ఒక తొమ్మిదేళ్ల పిల్ల 'ళ' దగ్గర ఆగిపోయింది, ఎన్నిసార్లు దిద్దినా 'శ'లా వస్తోందని ఏడుపు మొహం పెట్టింది. నువ్వు మాకు పలక మీద ఏదో పాటలా చెబుతూ దిద్దించేదానివి, ఎంత తలుచుకున్నా ఆ మాటలు గుర్తు రావట్లేదు. రాసి పంపు. వాట్సాప్‌లో వద్దు, కాగితం మీద, నీ చేతిరాతతో.

నీ
చిన్ని