విమానాలు మనమే చేస్తాం సరే, "ఆపండి" అన్న వర్కర్ సంగతేంటి? విమానయాన మంత్రి గారికి మండపేట నుంచి ఒక ఉత్తరం

పౌర విమానయాన శాఖ మంత్రి రామ్మోహన్ నాయుడు గారికి నమస్కారాలండి.

మాది తూర్పు గోదావరి, మండపేట. రైస్ మిల్లుల మిషన్లు, బాయిలర్లు బాగు చేసే వర్క్‌షాప్ నాది. నీకెందుకయ్యా విమానాల గోల అని మీ ఆఫీసులో ఎవరన్నా అనొచ్చు, అననివ్వండి. 2024 డిసెంబర్లో మధురపూడి (రాజమండ్రి ఎయిర్‌పోర్టు) నుంచి ఢిల్లీకి, ముంబైకి డైరెక్ట్ ఫ్లైట్లు వచ్చాయి కదా, మీ హయాంలోనే, అందుకు థాంక్సండి. బియ్యం వ్యాపారులూ రొయ్యల రైతులూ పిల్లల్ని అమెరికా పంపినవాళ్ళూ అందరం ఇప్పుడు ఎక్కేవాళ్ళమే, కాబట్టి అడిగే హక్కు మాకూ ఉందనుకుంటున్నా.

విషయం ఏంటంటే, ఇక విమానాలు ఇక్కడే తయారు చేద్దాం అనే మాట గట్టిగా వినపడుతోంది. 2025 అక్టోబర్లో మన ప్రభుత్వ విమాన కంపెనీ హెచ్‌ఏఎల్ వాళ్ళు మాస్కోలో ఎస్‌జే-100 ప్యాసింజర్ విమానం కోసం ఒప్పందం రాసుకున్నారు. వడోదరలో సీ-295 సైనిక రవాణా విమానాల ఫ్యాక్టరీ వచ్చింది. హైదరాబాద్ దగ్గర ఆదిభట్లలో బోయింగ్ 737 తోక భాగం తయారవుతోంది, ఎయిర్‌బస్ ఏ320 కార్గో తలుపుల కాంట్రాక్ట్ కూడా మనవాళ్ళకే వచ్చింది. సంతోషమేనండి, మా ఏరియా ఐటీఐ పిల్లలు కొందరు అటే చూస్తున్నారు. కానీ ఇంత హడావుడిలో బోయింగ్‌కి ఏమైందో ఒకసారి నిదానంగా చూసి అప్పుడు ముందుకెళ్దాం అని అడుగుతున్నా.

2024 జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్ వాళ్ళ 737 మ్యాక్స్ పోర్ట్‌లాండ్లో లేచిన కాసేపటికే పక్క గోడలోంచి తలుపంత ముక్క ఊడి గాల్లోకి పోయింది. దాని పక్క సీట్లు ఖాళీగా ఉండబట్టి సరిపోయింది, లోపల 177 మంది. విమానం కొత్తది, డెలివరీ అయ్యి రెండు నెలలు దాటిందంతే. తర్వాత అమెరికాలో విమాన ప్రమాదాలు విచారించే ఎన్‌టీఎస్‌బీ ఎంక్వైరీలో తేలింది ఏంటంటే ఆ ముక్కని పట్టి ఉంచే నాలుగు బోల్టులూ అసలు పెట్టనే లేదు. కాన్సస్‌లోని విచిటాలో స్పిరిట్ అనే కంపెనీ బాడీ చేసి రైలు మీద బోయింగ్ వాళ్ళ రెంటన్ ఫ్యాక్టరీకి పంపితే, అందులో ఐదు రివెట్లు సరిగ్గా లేవని, అవి మార్చడానికి ఆ తలుపు ముక్క తెరిచారు, రివెట్లు మార్చారు, తర్వాత ఎవరో మూసేశారు. బోల్టులు ఎవరు తీశారు, మళ్ళీ ఎవరు బిగించాలి అని ఒక్క కాగితం కూడా లేదు, కాగితం లేదు కాబట్టి చెక్ చేసే ఇన్‌స్పెక్టర్ కూడా రాలేదు. 24 మంది ఉన్న డోర్ టీమ్‌లో ఇలాంటిది తెరిచిన అనుభవం ఉన్నది ఒక్కడికే, ఆ ఒక్కడూ ఆ రోజు సెలవులో ఉన్నాడట.

మా ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ మ్యాన్‌హోల్ మూత తీసి బిగిస్తే ఎవరు బిగించారో ఎవరు చూశారో రిజిస్టర్లో రాసి సంతకం పెట్టించకుండా నేను స్టీమ్ ఎక్కించనివ్వనండి. ఓనర్‌కి కోపం వస్తుంది, లారీ కేరళ వెళ్ళిపోవాలి అంటాడు, అయినా సరే. అంత పెద్ద కంపెనీకి ఇది తెలీదా అంటే తెలుసు, నిబంధనా ఉంది. లైన్ ఆపేంత ధైర్యం ఎవరికీ లేకుండా పోయింది, అసలు రోగం అదే.

2018 జూన్‌లో రెంటన్లోనే ఒక సీనియర్ మేనేజర్ తన పైవాళ్ళకి మెయిల్ పెట్టాడు, మనుషులు అలసిపోయారు, తప్పులు పెరుగుతున్నాయి, కొన్నాళ్ళు ఉత్పత్తి ఆపండి అని. అప్పుడు నెలకి 52 విమానాల స్పీడుకి ఎక్కుతున్నారు. ఆపలేదు. ఆ అక్టోబర్లో ఇండోనేషియాలో లయన్ ఎయిర్ వాళ్ళ 737 మ్యాక్స్ కూలింది, తర్వాత మార్చిలో ఇథియోపియాలో ఇంకోటి, రెండూ కలిపి 346 మంది పోయారు. ఆ రెండిటికీ అసలు కారణం ఎంక్యాస్ అనే సాఫ్ట్‌వేర్, ఒక్క సెన్సర్ మాట నమ్మి ముక్కుని కిందికి తోసేలా డిజైన్ చేశారు, అంటే అది ఫ్యాక్టరీ అలసట వల్ల జరిగిందని నేను అనట్లేదు. కానీ చెప్పినవాడి మాట చెవికెక్కని అలవాటు రెండు చోట్లా ఒకటే కదండీ.

346 మంది పోయాక అమెరికా పార్లమెంటు 2020లో చట్టం చేసి 24 మంది నిపుణులతో కమిటీ వేయించింది, వాళ్ళు 2024 ఫిబ్రవరిలో రిపోర్ట్ ఇచ్చారు, 53 సిఫార్సులు. పైన పెద్దోళ్ళు భద్రత భద్రత అంటున్నారు గానీ కింద పనిచేసేవాళ్ళ దాకా అది దిగట్లేదన్నారు. కంప్లయింట్ పెట్టడానికి స్పీక్ అప్ అని ఒక పద్ధతి ఉందట, అందులో పెడితే విచారణ ఒక్కోసారి ఆ మనిషి పై బాసుల దగ్గరికే చేరుతోందట! ఇక ఎవడు నోరు విప్పుతాడు చెప్పండి.

ఇప్పుడు బాగుపడుతున్నారు అంటున్నారు. 2024 ఆగస్టులో కెల్లీ ఆర్ట్‌బర్గ్ సీఈఓగా వచ్చాడు, 2005లో అమ్మేసుకున్న స్పిరిట్‌ని 2025 డిసెంబర్లో తిరిగి కొనుక్కున్నారు (ఇరవై ఏళ్ళు పట్టింది ఆ తప్పు దిద్దుకోడానికి). నన్నడిగితే వీటన్నిటికంటే పనిచేసింది ఒకటే, అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ నెలకి 38 మించి 737లు చేయకూడదని తాళం వేయడం. 2025 అక్టోబర్లో గానీ 42కి వదల్లేదు. విమానం ఎగరొచ్చు అనే సర్టిఫికెట్లు కొంత కంపెనీయే ఇచ్చుకోవచ్చని 2025 సెప్టెంబర్ చివర్లో మళ్ళీ ఒప్పుకున్నారు, అదీ ఒక వారం కంపెనీ, ఒక వారం ఎఫ్‌ఏఏ చొప్పున. గోడల మీద పోస్టర్లు, ట్రైనింగ్ క్లాసులూ ఎన్ని పెట్టినా స్పీడు మీద చెయ్యి వేయకపోతే ఏదీ మారదు.

మాకు ఇదంతా దూరం కథ కాదండి. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలో నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలింది, ఇరవై మందికి పైగా పోయారు, కొబ్బరి తోటలు మాడిపోయాయి. ముందు నుంచీ లీకవుతోందని ఊళ్ళోవాళ్ళు చెప్పారు. కోనసీమలో ఆ పేరెత్తితే ఇప్పటికీ జనం ముందు ఆ మాటే అంటారు, చెప్పాం కదా, ఎవరు విన్నారు అని.

మరి రేపు ఆదిభట్లలోనో ఇంకెక్కడో ఒక కుర్రాడు ఈ రివెట్ బాలేదు అని లైన్ ఆపితే వాడి ఉద్యోగం ఉంటుందా? విజిల్ బ్లోయర్ల (తప్పు బయటపెట్టేవాళ్ళ) రక్షణ చట్టం 2014లోనే రాష్ట్రపతి సంతకం అయింది, ఇప్పటికీ అమల్లోకి తేలేదు, తెచ్చినా అది ప్రభుత్వోద్యోగుల అవినీతి సంగతి చూసేది, ప్రైవేటు ఫ్యాక్టరీ వర్కర్‌కి అందులో ఏమీ లేదు. అమెరికాలో విమానయానంలో తప్పు చెప్పినవాడిని పీకేయకూడదని 2000లోనే చట్టం ఉంది, 2020లో దాన్ని విమానం తయారీ కంపెనీలకీ పెంచారు. మనం పాత 1934 చట్టం తీసేసి భారతీయ వాయుయాన్ అధినియం తెచ్చి 2025 జనవరి 1 నుంచి అమలు చేస్తున్నాం, తయారీ కూడా దాని పరిధిలోనే ఉంది, మరి దాని కింద రూల్స్‌లో ఈ ఒక్కటీ రాయడానికి అడ్డేంటి?

పైగా ఇదంతా చూడాల్సిన మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏలోనే మనుషులు లేరు. 2025 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం చెప్పిన లెక్క ప్రకారం 1063 పోస్టులకి 553 మందే ఉన్నారు. ఇలా ఉంటే రేపు కంపెనీలే తమ పని తాము చెక్ చేసుకుంటాం అంటాయి, మనమూ సరే అంటాం, బోయింగ్‌లో జరిగిందీ అదే కదండీ. మీరు పర్డ్యూలో ఇంజనీరింగ్ చదివొచ్చినవారు, నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

అందుకని అడిగేది ఇదండి. ఏ విమాన ఫ్యాక్టరీకి భూమి, రాయితీలు ఇచ్చినా ఆ ఒప్పందంలోనే రాయించండి, క్వాలిటీ వాళ్ళు ఆపమంటే లైన్ ఆగాలి, ఆపినందుకు వాళ్ళ జీతం బోనస్ తగ్గకూడదు, కంప్లయింట్ బాసుని దాటి నేరుగా డీజీసీఏకి పోవాలి, పేరు బయటికి రాకూడదు. ఖాళీ పోస్టులు ఏ నెలకి నింపుతారో తేదీ చెప్పండి. ఈసారి రాజమండ్రి వచ్చినప్పుడు స్టేజీ మీద కొత్త రూట్లతో పాటు ఈ రెండిటికీ జవాబు చెప్తే వినడానికి మేం వస్తాం.

ఇట్లు
మండపేట వర్క్‌షాప్ మేస్త్రి