చేతిపెట్టెలకు చిన్న ఇత్తడి సామాను కరువు

సంపాదకులకు నమస్కారం.

టేకుతోనో, తుమ్మ చెక్కతోనో నగల పెట్టెలు, కుంకుమ పెట్టెలు, తాంబూలపు పెట్టెలు చేతితో చేసేవారు విజయవాడ, గుంటూరు నగరాల్లో ఇప్పటికీ ఉన్నారు. దీనిపైనే బతికే వడ్రంగులతోపాటు, నాలాగా ఉద్యోగ విరమణ తరువాత ఇష్టంతో ఈ పని పట్టుకున్నవారూ వారిలో ఉన్నారు. చెక్కకు గానీ, పనిముట్లకు గానీ, పాలిష్‌కు గానీ మాకు లోటు లేదు. చివరికి పెట్టెకు బిగించవలసిన చిన్న ఇత్తడి సామాను, అంటే అంగుళం లోపు మడతబందులు, మూల రేకులు, చిన్న గొళ్ళేలు, తాళంచెవి కన్నం చుట్టూ కొట్టే బిళ్ళ, మూత గుబ్బ మాత్రం సరైన కొలతలో, అసలైన ఇత్తడిలో దొరకడం గగనమైపోయింది. ఈ కొరతను మీ పత్రిక ద్వారా వర్తకుల దృష్టికి, హస్తకళల అభివృద్ధి సంస్థ దృష్టికి తీసుకురావాలని ఈ లేఖ రాస్తున్నాను.

విజయవాడ వన్‌టౌన్‌లోని ఇనుప సామాను దుకాణాల్లో గానీ, గుంటూరు పట్నం బజారులో గానీ బందులు కావాలని అడిగితే తలుపులకు, కిటికీలకు వాడే మూడంగుళాల, నాలుగంగుళాల రకాలు చూపిస్తారు. అందులో వారి తప్పేమీ లేదు. ఇళ్ల కట్టుబడి జోరుగా సాగే ఊళ్లలో వర్తకుడు అమ్ముడుపోయే సరుకే తెచ్చుకుంటాడు. చిన్నవి దొరికినచోట కూడా అవి చాలావరకు ఇత్తడి రంగు పూత పూసిన ఇనుప రేకువే. కంటికి తేడా కనిపించదు కానీ, అయస్కాంతం దగ్గర పెడితే నిజం బయటపడుతుంది. రాగి, జింకుల మిశ్రమమైన ఇత్తడి అయస్కాంతానికి అంటదు, పూత ఇనుము ఠక్కున అతుక్కుంటుంది. ఆ పూత ముందుగా బందు మడత దగ్గర, శీల తిరిగేచోట అరిగిపోతుంది. మన వానాకాలపు చెమ్మకు అక్కడ తుప్పు పుడుతుంది. టేకులోనూ, అంతకంటే ఎక్కువగా తుమ్మలోనూ ఉండే టానిన్ అనే వగరు పదార్థం ఆ తడి ఇనుముతో కలిసి మేకు చుట్టూ నల్లని మరక కడుతుంది. ఆ మరక పైపైన ఆగకుండా చెక్క పోగుల్లోకి దిగిపోతుంది కనుక, గరుకు కాగితంతో రుద్దినా అంత తేలికగా పోదు. ఎంతో ఓపికగా మూలలు కలిపి, చిత్రిక పట్టి, నునుపు చేసిన పెట్టె చవక బందు వల్ల అలా పాడైపోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

కొలతల ఇబ్బంది వేరు. చిన్న పెట్టె మూత పలక మందం పది మిల్లీమీటర్లకు మించదు. దుకాణాల్లో సులువుగా దొరికే అర అంగుళం స్క్రూ పొడవు 12.7 మిల్లీమీటర్లు; బిగిస్తే మొన అవతలికి పొడుచుకు వస్తుంది. దీనికి మూడెనిమిదుల అంగుళం స్క్రూ కావాలి, అదీ ఇత్తడిది కావాలి. ఇత్తడి మెత్తన కనుక బరమాతో కన్నం వేసి, ముందు అదే కొలత ఉక్కు స్క్రూను ఎక్కించి తీసి, ఆ తరువాత ఇత్తడి స్క్రూకు మైనమో సబ్బో రాసి మెల్లగా తిప్పాలి. లేకపోతే తల విరిగి చేతికొస్తుంది, మొండెం చెక్కలో ఉండిపోతుంది. అందుచేత రెండు రకాలనూ ఒకే కొలతలో విడిగా అమ్మే దుకాణం ఒక్కటున్నా మాకు మేలు. ఆన్‌లైన్‌లో తెప్పించుకోమని కొందరు సలహా ఇస్తారు కానీ, ఫోటోలో రేకు మందం తెలియదు, బందు శీల వదులో బిగువో తెలియదు.

ఇదే సమయంలో మంచి సామాను మన కళ్లెదుటే కొలిమికి పోతోంది. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు భోషాణాలను, కావడిపెట్టెలను విప్పి, వాటి ఇత్తడిని కిలోల లెక్కన తూకానికి వేస్తున్నారు. అలాంటి పాత బందు ఒకటి చేతిలోకి తీసుకుంటే పనితనం తెలుస్తుంది. పోత పోసిన దళసరి రెక్కలు, ఆకురాయితో సరిచేసిన అంచులు, ఊడి రాకుండా రెండు కొసలూ సుత్తితో గుండ్రంగా కొట్టిన శీల అందులో కనిపిస్తాయి. పాత సామాను వర్తకులు ఇలాంటివాటిని కరగడానికి పంపకుండా వేరుగా పెట్టి, తూకం ధర కంటే ఎక్కువకు అమ్మినా మేము సంతోషంగా కొనుక్కుంటాం.

కొత్తవి చేయించుకోవడమూ అసాధ్యం కాదు. శ్రీకాకుళం జిల్లా బుడితి, తణుకు ప్రాంతంలోని అజ్జరం ఇత్తడి పనికి పేరుపడ్డ ఊళ్లు. రేకు పనికి తెలంగాణలోని పెంబర్తి ఉండనే ఉంది. పాత బందునే నమూనాగా ఇసుకలో అచ్చు తీసి పోత పోయవచ్చు, కాకపోతే లోహం చల్లారేటప్పుడు కాస్త కుంచించుకుంటుంది కనుక, అచ్చంగా అదే కొలత కావాలంటే నమూనాను వేరే కొంచెం పెద్దదిగా చేసుకోవాలి. మూల రేకులకైతే ఇరవై రెండు గేజి మందమున్న రేకు చాలు. సుత్తి దెబ్బలకు ఇత్తడి బిరుసెక్కుతుంది కాబట్టి మధ్యమధ్య ఎర్రబడేదాకా కాల్చి మెత్తబరిచి, మడిచి, లోపలివైపు మాటు వేస్తే, అంటే లోహం కరిగించి అతికితే, పెట్టె మూలకు అతికినట్టు కూర్చుంటుంది. ఈ పని తెలిసిన కంచరివారికి కావలసింది గిరాకీ. ఒక్కొక్కరం రెండేసి బందులు అడిగితే వారికి కొలిమి ఖర్చు కూడా రాదు. అందుకే హస్తకళల అభివృద్ధి సంస్థ కలగజేసుకుని, నాలుగైదు కొలతల్లో బందులు, మూల రేకులు, గొళ్ళేలు ఒకేసారి చేయించి, విజయవాడలోని తన లేపాక్షి విక్రయశాలలో విడిగా అమ్మే ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. తయారైన బొమ్మలు, ప్రతిమలు అమ్మే చోటనే పనివారికి అవసరమైన ఈ సామానూ ఉంటే మాతోపాటు కంచరివారికీ పని దొరుకుతుంది.

వర్తక సోదరులకు నా విన్నపం ఒక్కటే. పూత ఇనుమును ఇనుమనే చెప్పి అమ్మండి, అసలు ఇత్తడిని కొద్దిగానైనా తెచ్చి ఉంచండి. ఏ కొలతలు అవసరమో తెలియక వెనుకాడేవారికి గీసిన పటాలు, నమూనా ముక్కలు ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
సత్యనారాయణపురం, విజయవాడ