పవర్ లెవల్ పట్టిక సరే, రూల్స్ ఏవి?

సంపాదకుల వారికి,

మొన్నటి ఆదివారం అనుబంధంలో మీరు వేసిన ‘అనిమే వీరుల్లో ఎవరి బలం ఎంత’ పట్టిక గురించి ఈ ఉత్తరం. అనిమే, మాంగాలకు (జపాన్ యానిమేషన్, కామిక్స్) ఒక తెలుగు పేపర్ పేజీ కేటాయించినందుకు చాలా సంతోషం. కానీ ఆ పట్టిక తయారుచేసిన పద్ధతే తప్పు. డ్రాగన్ బాల్‌లో స్కౌటర్ (ఎదుటివాడి బలాన్ని అంకెలో చూపించే పరికరం) చూపించే పవర్ లెవల్‌ని, వన్ పీస్‌లో సముద్రపు దొంగల తల మీద ప్రకటించే బౌంటీని, అంటే పట్టిస్తే ఇచ్చే బహుమతిని, పక్కపక్కన పెట్టి, పెద్ద అంకె ఉన్నవాళ్లని పైన, చిన్న అంకె ఉన్నవాళ్లని కింద వేసేశారు. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం అంటే ఇదే.

రెండు లోకాల సంగతి తర్వాత, ముందు ఒక్క డ్రాగన్ బాల్‌నే తీసుకోండి. అకిరా తోరియామా 1984 నుంచి 1995 దాకా గీసిన ఈ మాంగాలోకి స్కౌటర్ వచ్చేది రాడిట్జ్ అనే విలన్‌తో. అతను భూమ్మీద దిగగానే తుపాకీ పట్టుకున్న రైతు ఎదురైతే స్కౌటర్ 5 చూపిస్తుంది. తర్వాత కథానాయకుడు గోకూ, పికోలో ఇద్దరూ అతని మీదకి వస్తారు. బరువు బట్టలతో ఉన్నప్పుడు గోకూ 334, అవి తీసేశాక 416. అదే గోకూ కమేహమేహా అనే శక్తి కిరణం కోసం చేతుల మధ్య ‘కీ’ (ఒంట్లోని ప్రాణశక్తి) కూడగడుతుంటే అంకె 924కి ఎక్కుతుంది. పికోలో తన శక్తినంతా రెండు వేళ్ల చివరికి తెచ్చుకునేసరికి 1,330. అప్పటిదాకా నవ్వుతూ ఆడుకున్న రాడిట్జ్ మొహంలో టెన్షన్ మొదలయ్యేది అక్కడే, ఎందుకంటే అంకె స్థిరంగా ఉంటుందని నమ్మినవాడు అతను. ఇక అదే పోరాటంలో, గోకూ కొడుకు, నాలుగేళ్ల గోహాన్ ఏడుస్తున్నప్పుడు స్కౌటర్ 710 చూపిస్తే రాడిట్జ్ మెషీన్ పాడైపోయిందనుకుంటాడు, కాసేపటికి ఆ పిల్లాడే తలతో వచ్చి గుద్దితే అతని కవచం పగిలిపోతుంది.

అంటే స్కౌటర్‌ని నమ్మినవాడే దెబ్బ తింటాడని కథే చెబుతోంది. తర్వాత వచ్చే విలన్ ఫ్రీజా తన పవర్ లెవల్ 5,30,000 అని తన నోటితోనే చెప్పుకుంటాడు, నిజమే, అప్పటికి ఆ అంకె వింటే గుండె జారిపోతుంది. కానీ తర్వాత అతను భూమికి వచ్చినప్పుడు, భవిష్యత్తు నుంచి వచ్చిన ట్రంక్స్‌ని చూసి అతని సైనికుడు చదివే అంకె ఎంతో తెలుసా? 5. ఆ రైతుకి వచ్చిన అంకే. ట్రంక్స్ కీని దాచుకుని ఉన్నాడు కాబట్టి అంత తక్కువ వచ్చింది, ఆ తర్వాత ఫ్రీజాని నిలువునా చీల్చింది అతనే. మీ పట్టిక లెక్కన ట్రంక్స్‌ని ఎక్కడ పెట్టాలి?

ఇంకోటి, గోకూ గురువు మాస్టర్ రోషికి స్కౌటర్ చూపించేది 139. ఆయన అంతకు చాలా ముందే, జాకీ చున్ వేషంలో, చంద్రుణ్ణి పేల్చేశాడు. మరి 1,330తో పికోలో వదిలిన కిరణం చంద్రుడి కన్నా పదింతలు పెద్ద గోళాన్ని పేల్చాలి కదా అంటే, దాన్ని రాడిట్జ్ తప్పించుకున్నాడు, రెండోసారి వదిలిన కిరణానికి పోయింది కూడా గోకూ, రాడిట్జ్ ఇద్దరే. ఒకే లోకంలో, ఒకే రచయిత చేతిలోనే అంకెకీ విధ్వంసానికీ లెక్క కుదరడం లేదు. ఫ్రీజా కథ ముగిశాక తోరియామా ఈ అంకెలని దాదాపు పక్కన పెట్టేశారు, అలా పెట్టడం మంచిదే అయింది.

వన్ పీస్ బౌంటీ అయితే అసలు బలానికి కొలతే కాదు. ప్రపంచ ప్రభుత్వం ఎవరికి ఎంత భయపడుతోందో చెప్పే అంకె అది. నికో రాబిన్ తల మీద 7.9 కోట్ల బెర్రీలు ప్రకటించినప్పుడు ఆమెకి ఎనిమిదేళ్లు. ఆ పాప ఎవరినీ కొట్టగలదని కాదు, పోనెగ్లిఫ్‌లు (పురాతన రాతి శాసనాలు) చదవగలదని ఆ భయం. కథానాయకుడు లూఫీ ముఠాలోని చాపర్‌ని పెంపుడు జంతువు అనుకుని మొదట 50 బెర్రీలు వేశారు, అతను అప్పటికి ఎన్ని యుద్ధాల్లో నిలబడ్డాడో చదివినవాళ్లకి తెలుసు. లూఫీది 300 కోట్లు, బగ్గీది 318.9 కోట్లు. బగ్గీ లూఫీని ఓడిస్తాడని మీ పట్టిక తప్ప ఇంకెవరూ అనరు!

హంటర్ × హంటర్‌ని చేర్చడం మరీ అన్యాయం. కురపికా గొలుసు అంత బలంగా ఉండటానికి కారణం దాన్ని ఫాంటమ్ ట్రూప్ అనే దొంగల ముఠా మనుషుల మీదే వాడతానని అతను ప్రాణం పణంగా పెట్టి చేసుకున్న ఒట్టు. బాజూకా దెబ్బకి కూడా చెక్కుచెదరని, ఆ ముఠాలోని ఉవోగిన్‌ని అది కట్టిపడేసింది. అదే గొలుసుని వేరే లోకం వీరుడి మీద విసిరితే చచ్చేది కురపికానే. దీనికి పదికి ఎన్ని మార్కులు వేస్తారు? ‘వన్ పంచ్ మ్యాన్’ వీరుడు సైతామా గురించి ఎక్కువ చెప్పను, ఎదుటివాడు ఎవడైనా ఒక్క గుద్దుకి పోవాలన్నదే అతని కథకి పునాది, అతనికి ర్యాంక్ ఇవ్వడం వృథా.

పోలికలు మానేయమని నేను అనడం లేదు. ఈ వాదనలంటే నాకు ప్రాణం. కానీ షరతులు ముందు రాయండి: ఏ ఆర్క్ (కథాఘట్టం) నాటి పాత్ర, ఎవరి లోకం రూల్స్ నడుస్తాయి, ఒకరి శక్తి గురించి ఇంకొకరికి ముందే తెలుసా. అప్పుడు వాదన ఎంత బాగుంటుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. గోకూ, డెత్ నోట్‌లోని లైట్ యాగామి. ఎవరి పేరు రాస్తే వాళ్లు చచ్చిపోయే నోట్‌బుక్ లైట్ దగ్గర ఉంటుంది. మీ పద్ధతిలో లైట్ అట్టడుగున ఉంటాడు, కండబలంలో మామూలు కాలేజీ కుర్రాడు కాబట్టి. కానీ అతనికి కావలసింది ముఖం, పేరు, నలభై సెకన్లు. పేరు సోన్ గోకూ అని రాయాలా, పుట్టినప్పటి కాకరాట్ అని రాయాలా? పొరపాటున నాలుగుసార్లు తప్పు రాస్తే ఆ మనిషి మీద నోట్‌బుక్ ఇక పనిచెయ్యదు. పైగా దాని మొదటి రూల్ చెప్పేది మనుషుల గురించి, గోకూ పుట్టిన సైయన్ అనే గ్రహాంతర జాతివాడు మనిషి కింద వస్తాడా? రాడు అంటే వాదన అక్కడితో సరి, గోకూదే గెలుపు. వస్తాడు అంటే మాత్రం, ట్రంక్స్ వచ్చిన భవిష్యత్తులో గోకూ చనిపోయింది గుండెకి సోకిన వైరస్ జబ్బుతోనే. సూపర్ సైయన్ (ఆ జాతిలో బలం ఎన్నో రెట్లు పెరిగే రూపం) అయినా ఆ గుండె ఆగింది. తనని చంపుతున్నది ఎవరో తెలియకపోతే గోకూ ఎవరి కీని పట్టుకుని అక్కడికి మాయమై వెళ్లగలడు?

నా ఓటు లైట్‌కి. కాదనే పాఠకులు ఇదే శీర్షికకి రాస్తే, దయచేసి వాళ్ల ఉత్తరాలు కూడా అచ్చు వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు