అయిదు రోజుల గడ్డితో తీరిపోయే గండమా?

సంపాదకుల వారికి,

పశువులకు దాణా మాన్పించి గడ్డి వేస్తే ప్రమాదకరమైన బ్యాక్టీరియా అయిదు రోజుల్లో మాయమవుతుందంటూ పోయిన వారం మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన వ్యాసాన్ని ముప్పై ఏళ్లకు పైగా పశువైద్యం చేసిన నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి నమ్మలేక, రెండోసారి ఒళ్లు మండి. గడ్డి మేసే ఆవు పాలను కాచకుండానే తాగవచ్చన్న చివరి వాక్యం చూశాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

వ్యాసకర్త చెప్పకపోయినా, దానికి మూలం 1998లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి వెలువడిన పరిశోధన అని పోల్చుకోవచ్చు. అందులోని తర్కాన్ని నేను తప్పుపట్టను. పశువుకు ధాన్యపు దాణా మితిమీరి పెడితే మొదటి పొట్టలో అరగని పిండిపదార్థం కొంత పెద్దపేగు దాకా జారి అక్కడ పులుస్తుంది; ఆ పులుపుకు అలవాటుపడిన ఈ.కోలి అనే పేగు బ్యాక్టీరియా మన కడుపులోని ఆమ్లాన్ని కూడా తట్టుకుని బతుకుతుందనీ, ఎండుగడ్డికి మారిస్తే అటువంటి మొండి ఘటాలు బాగా తగ్గాయనీ వారు చూపారు. అయితే వారు లెక్కపెట్టినవి పశువుల పేగుల్లో మామూలుగా ఉండే ఈ.కోలి రకాలు. మూత్రపిండాలను దెబ్బతీసి పసిపిల్లల ప్రాణాల మీదికి తెచ్చే ఓ157:హెచ్7 అనే ఈ.కోలి రకం సంగతి వేరు. మరుసటి ఏడాదే ఇడాహో విశ్వవిద్యాలయం వారు ఆ రకాన్నే పశువులకు నోటి ద్వారా ఇచ్చి చూశారు. దాణా తిన్నవి 4 రోజుల పాటు దాన్ని పేడలో వదిలితే, ఎండుగడ్డి తిన్నవి 39 నుంచి 42 రోజుల పాటు వదిలాయి. ఈ సంగతి మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. మేతకు ప్రభావం లేదని నేననడం లేదు. ఇథనాల్ తీయగా మిగిలిన ధాన్యపు పిప్పిని దాణాలో కలిపినప్పుడు ఈ రకం పెరిగిన దాఖలాలూ ఉన్నాయి. గడ్డి అనగానే శుద్ధి అయిపోయినట్టు రాయడమే నా అభ్యంతరం.

ఈ సూక్ష్మజీవి పశువు పేగు చిట్టచివర, ఆసనం దగ్గర కాపురం పెడుతుంది. పశువుకు జ్వరం రాదు, మేత తగ్గదు, చూస్తే నిక్షేపంలా ఉంటుంది. కబేళాలో ఎండిన పేడ అట్టలు కట్టిన తొడల మీది చర్మం ఒలిచేటప్పుడు దాని అంచు ఒక్కసారి మాంసానికి తగిలితే చాలు. ముక్కగా ఉంటే మురికి పైపైనే ఉండి మంటకు చస్తుంది; కీమా కొడితే లోపలి దాకా కలిసిపోతుంది. 1993లో అమెరికాలో సరిగా ఉడకని హాంబర్గర్లు తిని 700 మందికి పైగా జబ్బుపడి, నలుగురు పిల్లలు చనిపోయింది ఇలాగే. జబ్బు చేయడానికి వంద కణాలు కూడా అక్కర్లేదు. పేడ అంటిన పొదుగును కడగకుండా పితికిన పాలలో అన్ని కణాలు చేరడానికి ఆ ఆవు ఏం మేసిందో ఎవరూ అడగరు.

ఇటువంటి వ్యాసాల వల్ల అధికారులకు మాత్రం హాయి. మేతదే తప్పయితే కబేళా గచ్చు కడిగించే పని తప్పుతుంది కదా! ఎక్కడైనా జనం ఆసుపత్రి పాలైతే నమూనాలు పంపామంటారు. ఆ నమూనాలు ఏమయ్యాయో మరి వినబడదు. నేను ఉద్యోగంలో ఉండగా, వధకు ముందు పశువులను కడిగేందుకు నీటి గొట్టం కావాలని పెట్టుకున్న అర్జీకి ఎనిమిది నెలల తరవాత జవాబొచ్చింది, గొట్టం ఎన్ని అడుగులు ఉండాలో తెలపమని. తెలిపాను. గొట్టం మాత్రం నా పదవీ విరమణ నాటికీ రాలేదు.

కీమా లోపలి దాకా 71 డిగ్రీల సెల్సియస్ వేడి తగలాలనీ, పాలు ఏ ఆవువైనా, అది ఏ మేత మేసినా కాచే తాగాలనీ సవరణ వేయండి. అది అదే పేజీలో, వ్యాసం శీర్షికకు వాడినంత పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత పశువైద్యుడు